మూడు ఆవులూ ఒక అత్తగారూ

ఆయనకి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండేది కానీ, ఓటు వేసే రోజున తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. ఊరంతా ఆయన్ని కుడితాయన అనేది. ఆ పిలుపుకి ఆయన నొచ్చుకున్నదీ లేదు, మురిసిపోయిందీ లేదు. తెల్లారగానే మూడు చక్రాల బండి మీద మూతలున్న క్యాన్లు పెట్టుకుని బయల్దేరడం, హోటళ్ళ వెనకా హాస్టళ్ళ వెనకా ఆగి మిగిలిపోయిందీ, ఎంగిలిదీ, కడిగిన నీళ్ళూ పోయించుకోవడం, ఇంటికి తెచ్చి ఆవులకి పెట్టడం, ఇదీ ఆయన ఉద్యోగం. ఊళ్ళో ముందు తలుపు నుంచి ఆయన లోపలికి వెళ్ళిన వంటిల్లు ఒక్కటీ లేదు. వెనక తలుపుల సంగతి అడిగితే మాత్రం ఏది కిర్రుమంటుందో, దేనికి గడియ ఊడిందో గడగడా చెప్పేస్తాడు.

కుడితి అంటే తెచ్చి తొట్లో పొయ్యడమే కదా అనుకుంటారు చూసేవాళ్ళు. పోస్తే ఆవు చస్తుంది. ఇంటికి రాగానే ఆయన పెరట్లో పీట వేసుకుని, మోచేతుల దాకా క్యానులో ముంచి, మొత్తం దేవేవాడు. ఎముకలు, పళ్ళు కుట్టుకునే పుల్లలు, చేతులు తుడుచుకున్న కాగితాలు, ప్లాస్టిక్ చెంచాలు ఒక పక్కన పడేవి. స్టీలు చెంచాలు దొరికితే కడిగి, ఏ వంటింటివి ఆ వంటింటికి మర్నాడు తిరిగిచ్చేవాడు. ఒకసారి ఫ్యాక్టరీ హాస్టలు మేనేజరుగారి పళ్ళసెట్టు దొరికింది. దాన్ని శుభ్రంగా తోమి, గుడ్డలో చుట్టి, ఎవరూ చూడకుండా ఆయన చేతిలో పెట్టాడు. ఆ మేనేజరు ఆ రోజు నుంచి ఈయన్ని చూస్తే నోరంతా తెరిచి నవ్వేవాడు.

ఆవులు మూడు. నల్లది నెమ్మదస్తురాలు. ఎర్రది తిండిపోతు, తొట్లో తల పెట్టిందంటే కొమ్ములు పట్టి లాగినా వదలదు. తెల్లదాన్ని దొరసాని అనేవాళ్ళు, అన్నంలో ఒక్క మిరపకాయ కనబడినా మూతి తిప్పుకుని నిలబడేది. పాలు పితికేదీ, వాడిక ఇళ్ళకి పోసేదీ ఆయన భార్య. పెళ్ళాం నోటికి దడిసే ఆయన రోజూ పొద్దున్నే ఇల్లు వదిలిపోతాడని వీధిలో ఒక పుకారు ఉండేది. అందులో కొంత నిజం కూడా ఉంది.

ఆయన తిరిగే వంటిళ్ళలో పెద్దది ఫ్యాక్టరీ కార్మికుల హాస్టలు. దాని వంటమనిషిని అందరూ గరిటమ్మ అనేవాళ్ళు. ఆవిడకో జబ్బుంది. ఎవరికి వడ్డించినా, చాలమ్మా అన్నాక ఇంకో గరిట వేస్తుంది. వద్దని పళ్ళేనికి చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచైనా వేస్తుంది. చిన్నప్పుడు కడుపు మాడినవాళ్ళ చెయ్యి అలాగే ఉంటుందేమో మరి. ఆ ఆఖరి గరిటలన్నీ పళ్ళేల్లో మిగిలిపోయి, బకెట్లో పడి, క్యానెక్కి, కుడితాయన పెరట్లోకి చేరేవి. చెప్పొద్దూ, ఆయన మూడు ఆవుల్లో ఒక ఆవు పూర్తిగా గరిటమ్మ ఆఖరి గరిట మీదే బతికింది.

ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. ఆవిడ అన్నయ్యా అంటుంది, ఆయన చెల్లెమ్మా అంటాడు. గరిటమ్మ మొగుడు మంచాన పడి ముద్ద మింగలేని రోజుల్లో ఈయన రోజూ వెళ్తూ వెళ్తూ ఒక చెంబెడు పాలు వెనక గుమ్మంలో పెట్టేసి పోయేవాడు. ఆవిడ ఎప్పుడైనా ఆ మాట ఎత్తబోతే, "క్యాను నిండిందా లేదా చూడు ముందు" అని మాట మార్చేవాడు. మొగుడు దక్కలేదు. ఆ చెంబు సంగతి మాత్రం ఆవిడ మనసులో అలాగే ఉండిపోయింది.

ఇలా ఉండగా ప్రభుత్వానికి తిండి వృథా మీద కన్ను పడింది. పడాల్సిందే. ఊళ్ళో ఒక మనిషి తినే దానిలో ఎంత పారేస్తున్నాడో, ఆ పారేసింది గుట్టలు పడి కుళ్ళి ఎంత గాలిని పాడుచేస్తోందో బస్సుల మీద బొమ్మలు వేశారు. వంటిళ్ళు పారేసే చెత్తకి ఇకమీదట బరువుని బట్టి పన్ను అన్నారు. తగ్గించినవాళ్ళకి రాయితీ. తగ్గించే ఉపాయం కనిపెట్టినవాళ్ళకి పెట్టుబడి. ఊరికే బెదిరిస్తే ఎవరూ వినరని, ఒక చేత్తో బెత్తం పట్టుకుని రెండో చేత్తో మిఠాయి చూపించారన్నమాట. ఈ కథ చెప్పేవాడికి ప్రభుత్వాల మీద పెద్దగా భ్రమల్లేవు కానీ, ఈ పని మాత్రం బుద్ధిగానే చేశారని ఒప్పుకోవాలి.

ఆ పెట్టుబడితో పాలిటెక్నిక్‌లో చదివిన ఒక బక్కపల్చటి అమ్మాయి ఒక యంత్రం చేసింది. చెత్త బకెట్టు కింద కాటా, పైన కెమెరా, పక్కన మూడు దీపాలు. పళ్ళెంలో మిగిలింది బకెట్లో పడగానే ఏది ఎంత పడిందో అది పసిగడుతుంది. తక్కువైతే పచ్చదీపం, ఓ మోస్తరు అయితే పసుపు, మితిమీరితే ఎరుపు. హాస్టల్లో దాన్ని బిగించిన రోజునే కూరలు తరిగేవాళ్ళు దానికి అత్తగారు అని పేరు పెట్టేశారు. ఒక్క మెతుకు పడినా చూస్తుంది, నోరెత్తదు, మొహం మాత్రం ఎర్రగా పెట్టుకుంటుంది. అమ్మాయి ఆ పేరు విని పడీపడీ నవ్వి, తన కాగితాల్లో కూడా అదే రాసుకుందట.

అత్తగారు వచ్చాక ఇల్లు మారినట్టే వంటిల్లు మారింది. గరిటలు చిన్నవయ్యాయి. ఎవరు తింటారో ఎవరు తినరో ముందురోజే ఫోనులో చెప్పే ఏర్పాటు వచ్చింది. మిగిలిన రొట్టెలు పెట్టెల్లో సర్ది పక్క వీధి వృద్ధాశ్రమానికి పంపడం మొదలైంది. హోటళ్ళలోనూ అంతే. ఊళ్ళో చెత్త లారీలు సగానికి తగ్గాయని పేపర్లో వేశారు. అందరూ సంతోషించారు. కుడితాయన కూడా పేపరు చదివించుకుని, "మంచిదే కదా" అన్నాడు. అన్నాక పెరట్లోకి వెళ్ళి తొట్టి చూశాడు. అడుగు కనిపిస్తోంది.

ఒకప్పుడు మూత పడనంతగా నిండే క్యాన్లు ఇప్పుడు బండి మీద డబడబా మోగుతూ వచ్చేవి. హోటళ్ళ వెనక తలుపుల దగ్గర, "లేదోయ్, ఇవాళ కూడా లేదు" అనే మాట మామూలైపోయింది. ఎవరిని తిట్టాలో తెలియని కష్టం అది. అన్నం పారేయండి బాబూ అని అడిగే మొహం ఎవరికుంటుంది? ఎర్రది ఖాళీ తొట్టిని నాకి నాకి నునుపు చేసింది. దొరసాని మిరపకాయలు కూడా తినడం నేర్చుకుంది. పాలు తగ్గాయి.

"గడ్డి కొని మూడింటినీ సాకలేం. ఒకటో రెండో అమ్మేద్దాం" అంది భార్య.

"చూద్దాం."

"చూడ్డానికేముంది? అవి మనల్ని చూస్తున్నాయి, మనం వాటిని చూస్తున్నాం."

యంత్రం చేసిన అమ్మాయి ఒకసారి ఆయన్ని దారిలో ఆపి వేరే పని ఒకటి చెప్పింది. కూరగాయల బజారులో అమ్ముడుపోనివీ, తొక్కలూ, కాడలూ తెచ్చి ఎండబెట్టి దాణా చేసే షెడ్డు ఒకటి కడుతున్నారు. దానికీ ప్రభుత్వమే పెట్టుబడి పెడుతోంది. బండి ఉన్నవాళ్ళు కావాలి. "బజారు గల్లీలన్నీ మీకు తెలుసు కదా బాబాయ్, మీరైతే బావుంటుంది" అంది. ఆయన బండి హ్యాండిలు తుడుచుకుంటూ, "నాకు ఆవులున్నాయమ్మా" అన్నాడు. ఆవులున్నంత వరకూ ఆయన ఎవరి దగ్గరా పనివాడు కాదు. ఆ మాట బయటికి అనలేదు కానీ, ఆయనకి ఉన్న ఆస్తంతా అదే. అది కాస్తా చేజారిపోతుందేమోనని ఆయనకి లోపల దిగులుగా ఉండేది.

సరిగ్గా అప్పుడే హాస్టలు క్యాను బరువెక్కడం మొదలైంది.

మిగతా క్యాన్లన్నీ మోగుతుంటే అదొక్కటే గప్‌చుప్‌గా, గొంతు దాకా నిండి వచ్చేది. గరిటమ్మ తనే మూత బిగించి గుమ్మంలో సిద్ధంగా పెట్టేది. ఆయన మొదట ఏమీ అనుకోలేదు. అదృష్టం తలుపు తట్టినప్పుడు ఎందుకొచ్చావని ఎవరు అడుగుతారు? దేవేటప్పుడు చేతికి పుల్లా పుడకా తగలకపోతే, హాస్టలు వాళ్ళు బుద్ధిమంతులయ్యారనుకున్నాడు. నిజం చెప్పాలంటే అనుమానం ఆయన గుమ్మం దాకా వచ్చింది. ఆయనే లోపలికి రానివ్వలేదు. ఎర్రది మళ్ళీ నిగనిగలాడింది, పాలు పెరిగాయి, భార్య నోరు కాస్త తగ్గింది. ఆ హాయిలో కొన్నాళ్ళకి దేవడం కూడా మానేసి నేరుగా తొట్లో పోసేశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన చేసిన పెద్ద పొరపాటు అదే.

ఒక పూట ఎర్రది తొట్టి ఖాళీ చేసి, పక్కదాని తొట్టి కూడా ఖాళీ చేసి, కాసేపటికి నేల మీద కూలబడింది. ఎడమ పక్క డొక్క డోలులా బిగుసుకుపోయింది. నోట్లోంచి నురగ. ఆయన నూనె తాగించాడు, డొక్క మర్దనా చేశాడు, లేపి పెరట్లో అటూ ఇటూ నడిపించాడు. అది నాలుగడుగులు వేసి మళ్ళీ కూలబడింది. భార్య పరుగెత్తుకెళ్ళి పశువుల డాక్టర్ని తీసుకొచ్చింది. డాక్టరు గొట్టం వేసి గాలి తీశాడు. ఆవు ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, కళ్ళు తెరిచి, ముందుగా తొట్టి వైపు చూసింది.

"ఏం పెట్టారయ్యా దీనికి? విందు భోజనమా?" అన్నాడు డాక్టరు చేతులు కడుక్కుంటూ.

"కుడితేనండి."

"అన్నం ముద్దలు ముద్దలుగా ఉంది లోపల. వట్టి అన్నం ఇంత పెడితే పశువు బతకదు. ఇంకోసారి ఇలాగైతే నన్ను పిలవకండి, గొయ్యి తవ్వేవాణ్ణి పిలవండి."

డాక్టరు వెళ్ళాక కుడితాయన క్యాను దగ్గరికి వెళ్ళాడు. అడుగున కొంచెం మిగిలింది. చెయ్యి పెట్టి చూశాడు. నీళ్ళు లేవు, కూర అంటలేదు, ఎవరి వేళ్ళూ కెలకలేదు. ఎవరి పళ్ళెంలోకీ వెళ్ళకుండా, గుండిగలోంచి తిన్నగా క్యానులోకి వచ్చిన అన్నం. ఒక పక్కన గుండ్రంగా, నున్నగా, గరిట అచ్చు ఇంకా చెదరకుండా ఉంది. అది పాత పెద్ద గరిట. అత్తగారు రాకముందుది.

ఆయన అక్కడే గొంతుక్కూర్చున్నాడు. అత్తగారు చూసేది బకెట్టు వరకే. గుండిగ నుంచి క్యానుకి వెళ్ళే దారి ఆవిడ కంటికి ఆనదు. దీపం రోజూ పచ్చగా వెలుగుతూనే ఉంది, ఇక్కడ ఈయన పెరట్లోకి రోజూ ఒక గుండిగ అన్నం వస్తూనే ఉంది. ఊరంతా తిండి పొదుపు చెయ్యడం నేర్చుకుంటుంటే, తన మూడు ఆవుల కోసం ఒక మనిషి పొయ్యి మీద ఎక్కువ ఎసరు పెడుతోంది. ఆయనకి సిగ్గేసింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. తన మీద అంత ఆపేక్ష ఉన్న మనిషి ఈ లోకంలో ఒకరున్నారని ఆయనకి అప్పటిదాకా తెలియదు.

మర్నాడు హాస్టలు వెనక తలుపు దగ్గర గరిటమ్మ కనబడలేదు. లోపల పొయ్యి దగ్గర ఉందన్నారు. మేనేజరు మాత్రం నోరంతా తెరుచుకుని ఎదురొచ్చాడు.

"విన్నావా? చెత్త తగ్గించడంలో ఊరు మొత్తానికి మన వంటిల్లే మొదటి స్థానంలో ఉందట! తొక్కలూ మిగులూ ఎండబెట్టే యంత్రం కూడా ఉచితంగా ఇస్తారట!"

"చాలా సంతోషమండి."

"సోమవారం నుంచి మున్సిపల్ కౌన్సిలు వాళ్ళు వచ్చి కూర్చుంటారు. వారం పాటు సరుకుల గదిలోంచి ఎంత పోయిందో, జనం ఎంత తిన్నారో, బకెట్లో ఎంత పడిందో అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. తేడా వచ్చిందో, ఎవరి వల్ల వచ్చిందో వాళ్ళ ఉద్యోగం ఊడినట్టే. మనకేం భయం? మనది పచ్చదీపం."

నిండిన క్యాను గుమ్మంలోనే ఉంది. కుడితాయన దాన్ని బండెక్కించుకుని, ఈసారి దారి పొడుగునా తోసుకుంటూ నడిచాడు. ఇంటికొచ్చి అన్నం చెయ్యి పెట్టి విడదీసి, గడ్డిలో కొంచెం కొంచెంగా కలిపి మూడింటికీ పంచాడు. అది ఆ ఇంట్లో ఆఖరి కుడితి.

"ఎర్రదాన్నీ దొరసానినీ అమ్మేద్దాం" అన్నాడు భార్యతో.

ఆవిడ నెలల తరబడి అదే మాట అంటున్న మనిషి. ఇప్పుడు ఆయన నోటి నుంచి వినేసరికి పాల చెంబు కింద పెట్టేసింది. "ఏమైంది?"

ఆయన చెప్పాడు. ఆవిడ అంతా విని, "ఊరికే ఇక మీదట వెయ్యొద్దని చెబితే సరిపోదా?" అంది.

"నేను క్యాను పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఆవిడ చెయ్యి ఊరుకోదు. నీకు తెలీదు ఆ చెయ్యి సంగతి."

"నల్లదాన్ని ఉంచుకుందాం" అంది భార్య. ఆవిడ గొంతు అంత మెత్తగా ఉండటం ఆయన పెళ్ళైన కొత్తలో విన్నాడు, మళ్ళీ ఇప్పుడే.

ఊరి చివర పచ్చిక ఉన్న పాలవాడొకడు రెండు ఆవుల్నీ ఆదివారం పొద్దున తోలుకెళ్ళాడు. దొరసాని తల తిప్పకుండా వెళ్ళిపోయింది. ఎర్రది తొట్టి దాటేటప్పుడు ఒక్కసారి ఆగి, మూతి పెట్టి చూసి, ఏమీ లేకపోతే అదీ వెళ్ళిపోయింది. కుడితాయన స్నానం చేశాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. బండి లేకుండా, క్యాను లేకుండా, చేతులు ఏం చేసుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుని హాస్టలుకి నడిచి వెళ్ళాడు.

ముందు తలుపు నుంచి వెళ్ళాడు. బయటివాళ్ళు కూడా టోకెను తీసుకుని తినొచ్చు అక్కడ. ఆయన టోకెను కొనుక్కుని, పళ్ళెం పట్టుకుని, పని దిగి వచ్చిన కార్మికుల వెనక వరసలో నిలబడ్డాడు. భోజనాల గదిని ఆయన అటు వైపు నుంచి చూడటం అదే మొదలు. పొడుగాటి బల్లలు, చప్పుడు చేసే ఫ్యానులు, మూల పచ్చదీపంతో అత్తగారు. వరస కదిలి కదిలి ఆయన వంతు వచ్చింది. గరిటమ్మ తల ఎత్తకుండానే గరిట ముంచింది. ఎత్తాక పోల్చుకోవడానికి కాసేపు పట్టింది.

"అన్నయ్యా! ఇటెందుకొచ్చావు? క్యానేది?"

"తేలేదు."

"మర్చిపోయావా?"

"ఇక తేను చెల్లెమ్మా. ఎర్రదాన్నీ దొరసానినీ అమ్మేశాను."

గరిట గాల్లోనే ఆగిపోయింది. "అదేంటి? క్యాను నిండుగా పెడుతున్నాను కదా? చాలటం లేదా?"

"చాలింది. ఎర్రదానికి పొట్ట ఉబ్బింది. డాక్టరొచ్చి బతికించాడు." ఆయన గొంతు తగ్గించాడు. "క్యానులో నీ పెద్ద గరిట అచ్చు అలాగే ఉంది."

ఆవిడ మొహం పాలిపోయింది. "నీ ఆవులు డొక్కలెండి ఉన్నాయని మీ వీధావిడ చెప్పింది. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. నువ్వు ఆ రోజుల్లో చెంబు..."

"రేపట్నించి సరుకుల గదిలో కూడా చూస్తారట."

"చూస్తే చూడనీ."

"ఆవులు పోతే నాకు ఇంకో పని ఉంది. ఆ అమ్మాయి షెడ్డులో బండి తోలతాను. గరిట పోతే నీకేముంది?"

ఆవిడ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. వెనక వరసలోంచి ఎవరో, "అక్కా, అన్నాచెల్లెళ్ళ ముచ్చట్లు తర్వాత, మాకు ఆకలి!" అని అరిచారు.

"నాకూ ఆకలిగానే ఉంది" అన్నాడు కుడితాయన పళ్ళెం ముందుకి చాచి. "పెడతావా, వెనక తలుపు నుంచి రమ్మంటావా?"

ఆవిడ పెట్టింది. కళ్ళు తుడుచుకుంటూ పెట్టింది. అన్నం, కూర, రొట్టె, మళ్ళీ అన్నం. ఆయన చాలమ్మా అన్నాడు. అలవాటైన చెయ్యి ఆగలేదు, ఇంకో గరిట పడింది. ఇన్నేళ్ళూ ఆ ఆఖరి గరిటని ఆయన బకెట్టు వైపు నుంచే ఎరుగును. ఇప్పుడది ఆయన పళ్ళెంలో, కొండలా, పొగలు కక్కుతూ కూర్చుంది.

ఆ తర్వాత తనిఖీ జరగడం, ఆ హాస్టలుకి మొదటి స్థానం కాక రెండోది రావడం, అయినా ఎండబెట్టే యంత్రం దక్కడం, గరిటమ్మ పొయ్యి దగ్గర గరిటమ్మే ఉండటం, ఇవన్నీ జరిగాయి. కుడితాయన బజారు గల్లీల్లో తొక్కలు ఎత్తుకుంటూ తిరగడమూ, కుడితి అన్నది లేకపోయినా ఆ పేరు మాత్రం పోకపోవడమూ కూడా జరిగాయి. ఆ పూట మాత్రం ఆయన ముందున్నది ఒక పళ్ళెం.

ఆయన స్వతహాగా పిట్ట తిండి మనిషి. సగం తినేసరికే బెల్టు బిగుసుకుంది. తల ఎత్తి చూస్తే గదికి ఆ చివర గరిటమ్మ వడ్డిస్తూ వడ్డిస్తూ ఈయన వైపే చూస్తోంది. మూల అత్తగారు బకెట్టు మీద కన్నేసి ఉంది. ఒక్క ముద్ద వదిలినా అది గరిటమ్మ ఖాతాలోనే పడుతుంది. ఆయన నీళ్ళు తాగి, కాసేపు ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. బల్ల దగ్గర వాళ్ళు తిని లేచిపోయారు, ఇంకొందరు వచ్చి కూర్చున్నారు, వాళ్ళూ లేచిపోయారు. ఆయన ఆఖరి మెతుకు వేలితో అద్దుకుని నోట్లో వేసుకుని, పళ్ళెం తీసుకెళ్ళి బకెట్టు మీద బోర్లించి చూపించాడు. ఏమీ పడలేదు. దీపం పచ్చగానే ఉంది.

ఇంటికి చేరేసరికి ఆయాసం వచ్చింది. భార్య గుమ్మంలో ఎదురై, "ఏం పెట్టిందేమిటి?" అంది. ఆయన చెయ్యి ఊపి పెరట్లోకి నడిచాడు. నల్లది ఒక్కతే ఉంది అక్కడ, రెండు ఖాళీ తొట్ల పక్కన. ఆయన పొట్ట మీద చెయ్యి వేసుకుని, దాని పక్కన పెరడంతా అటూ ఇటూ చాలాసేపు తిరిగాడు.